లాటిన్‌లో ఒక ఆత్మనేపదం: ‘సెక్వొర్’ క్రియ అర్థం, రూపాలు

లాటిన్ నిఘంటువులో ప్రతి క్రియ పక్కనా దాని ముఖ్యరూపాలు వరసగా ఉంటాయి. ‘ఏలు’ అనే అర్థమున్న క్రియకు రెగో, రెగెరె, రేక్సీ, రేక్తుమ్ అని నాలుగు ఇస్తారు. మొదటిది ‘ఏలుతాను’, రెండోది ‘ఏలడం’, మూడోది ‘ఏలాను’, నాలుగోది కొన్ని కృదంతాలు (క్రియ నుంచి పుట్టే విశేషణాలు) కట్టుకోవడానికి ఆధారమయ్యే రూపం. మరికొన్ని పేజీలు తిప్పి ‘వెంబడించు’ దగ్గరికి వస్తే మాత్రం మూడే కనిపిస్తాయి: సెక్వొర్, సెక్వీ, సెకూతుస్ సుమ్. పైగా మూడూ చూడ్డానికి కర్మణి ప్రయోగాల్లాగే ఉంటాయి. రెగొర్ అంటే ‘నేను ఏలబడుతున్నాను’. ఆ లెక్కన సెక్వొర్ అంటే ‘నేను వెంబడించబడుతున్నాను’ కావాలి. కానీ దాని అర్థం ‘నేను వెంబడిస్తున్నాను’ అనే.

ఇలాంటి క్రియల్ని డిపోనెంట్లు అంటారు. పాఠ్యపుస్తకాలు వీటిని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి: రూపం కర్మణి, అర్థం కర్తరి. పరీక్ష రాయడానికి ఆ ముక్క సరిపోతుంది. తెలుగువాళ్లకు మాత్రం దానితో అదనపు చిక్కు ఒకటి వస్తుంది. మాట్లాడే తెలుగులో ‘బడు’ ప్రయోగం చాలా తక్కువ. ‘రూపం కర్మణి’ అని నేర్చుకున్నవాళ్లు ముందు మనసులో ‘బడు’ తగిలించుకుని, ఆ తర్వాత దాన్ని తీసేయాలి. ఆ రెండో పని మర్చిపోయారా, ‘హొస్తేస్ సెకూతీ సుంత్’ అనే వాక్యం ‘శత్రువులు వెంబడించారు’ అయ్యేది కాస్తా ‘శత్రువులు వెంబడించబడ్డారు’ అయిపోతుంది. ఎవరు పారిపోతున్నారో ఎవరు తరుముతున్నారో తారుమారు.

సంస్కృతంతో కొద్దిపాటి పరిచయం ఉన్న తెలుగు పాఠకులకు ఈ చుట్టుదారి అక్కర్లేదు. పని ఫలం కర్తకే చెందుతుందని చూపే క్రియారూపాన్ని సంస్కృతంలో ఆత్మనేపదం అంటారు. ఇదే ధాతువు ‘సచతే’ అనే ఆత్మనేపద క్రియగా సంస్కృతంలోనూ ఉంది. డిపోనెంట్‌ను ముసుగు వేసుకున్న కర్మణిగా కాక, లాటిన్ దగ్గర మిగిలిన ఆత్మనేపదంగా చూస్తే వింతగా అనిపించేవాటిలో చాలా భాగం మామూలు విషయాలైపోతాయి.

లాటిన్ మాటల్ని ఇక్కడ ప్రాచీన రోమన్ల ఉచ్చారణకు దగ్గరగా రాయడం జరిగింది. అందులో ఒక లాభం ఉంది. హ్రస్వదీర్ఘాల తేడా రోమన్ లిపిలో మామూలుగా కనిపించదు, తెలుగు లిపిలో రాయక తప్పదు. సెక్వొర్ విషయంలో ఆ తేడా ఎంత పనికొస్తుందో రూపాల దగ్గర తెలుస్తుంది.

అర్థం ఎంత దూరం పోయింది

సెక్వొర్ మూలార్థం ఒకరి వెనక నడవడం. అక్కణ్నుంచి అర్థాలు నాలుగు వైపులా పోయాయి. శత్రువు వెంటపడితే తరమడం, పెద్దల మాట వెంట నడిస్తే పాటించడం, ఒక మేలు వెంటపడితే దాన్ని కోరుకోవడం, వరసలో వెనక వస్తే తరువాతిది కావడం. ఒక మాట వెనక మరో మాట తప్పనిసరిగా వస్తే అది తర్కంలో ‘ఫలితంగా తేలడం’. వాదనలో పొంతన లేని ముగింపును ఇంగ్లీషులో కూడా ‘నాన్ సెక్విటర్’ అనే అంటారు, అంటే ‘దాన్నుంచి ఇది రాదు’ అని.

లా చదివేవాళ్లకు ఈ క్రియ తెలియకుండానే పరిచయం. ‘ఐక్వితాస్ సెక్వితుర్ లేగెమ్’, అంటే ఈక్విటీ (న్యాయదృష్టితో తీర్పు చెప్పే పద్ధతి) చట్టం వెంట నడుస్తుంది, చట్టాన్ని దాటిపోదు. ‘మోబిలియ సెక్వుంతుర్ పెర్సోనమ్’, అంటే చరాస్తులు మనిషిని అనుసరిస్తాయి. వాటికి ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్నది ఆ మనిషి స్థిరనివాసాన్ని బట్టి తేల్చాలన్నది దీని భావం. మొదటిది ఏకవచనం, రెండోది బహువచనం. ఎవరి వెంట నడుస్తున్నారో ఆ మాట రెండుచోట్లా ద్వితీయా విభక్తిలో ఉంది: లేగెమ్, పెర్సోనమ్. నిజంగా కర్మణి అయితే ద్వితీయ ఉండదు. డిపోనెంట్‌ను గుర్తుపట్టడానికి, ముఖ్యంగా సకర్మకాల్లో, నిఘంటువు కన్నా ముందు ఈ గుర్తే అందుతుంది. కర్మణిలా కనిపించే క్రియ పక్కన ద్వితీయ ఉంటే అనుమానించాలి.

ఉపసర్గలు చేరితే సెక్వొర్ ఇంకా విస్తరిస్తుంది. కోన్సెక్వొర్ అంటే వెంటపడి అందుకోవడం, సాధించడం. పెర్సెక్వొర్ అంటే చివరిదాకా తరమడం, అక్కణ్నుంచే హింసించడం. ప్రోసెక్వొర్ అంటే సాగనంపడం. ఒబ్సెక్వొర్ అంటే ఎదుటివారి ఇష్టానికి తగ్గట్టు నడుచుకోవడం. ఎక్స్సెక్వొర్ అంటే చివరివరకూ వెంట ఉండి పని పూర్తిచేయడం. శవయాత్రకు రోమన్లు పెట్టిన పేరు ఎక్స్సెక్వియై కూడా దీన్నుంచి వచ్చిందే. ఇంగ్లీషు మీదుగా మన వాడుకలోకి దిగిన సీక్వెల్, సీక్వెన్స్, ప్రాసిక్యూటర్, ఎగ్జిక్యూటివ్, సెకండ్ అన్నీ ఈ కుటుంబానివే. సెకుందుస్ అంటే మొదటిదాని వెనక వచ్చేది. గాలి విషయంలో అదే మాటకు ‘అనుకూలమైన’ అని అర్థం, ఎందుకంటే ఓడకు వెనకనుంచి వీచే గాలే మంచి గాలి.

సంస్కృతంలో ఈ ధాతువు మనకు మరీ దగ్గర. ధాతురూపంలో ఒక ధ్వని మారింది. లాటిన్‌లో ‘క్వె’ నిలిచినచోట సంస్కృతంలో తరచు ‘చ’ కనిపిస్తుంది. క్వీంక్వె అక్కడ, పంచ ఇక్కడ. మాటల చివర తగిలించే ‘క్వె’ అక్కడ, ‘మరియు’ అనే అర్థంలో ‘చ’ ఇక్కడ. అలాగే సెక్వ్ ఉన్నచోట సచ్. రాజు వెంట ఉండేవాడు సచివుడు, ఆ సచివుల చోటు సచివాలయం. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయానికి వెళ్లినవాళ్లు ఈ ధాతువు గడప తొక్కినట్టే. దాన్ని ఇంగ్లీషులో సెక్రటేరియట్ అంటే మాత్రం ఈ చుట్టరికం తెగిపోతుంది, అది ‘రహస్యం’ అనే మాటతో పుట్టింది. సఖుడు, సఖి అనే మాటల్ని కూడా చాలామంది భాషావేత్తలు ఈ ధాతువుకే చేరుస్తారు. లాటిన్‌లో వాటికి జోడు సొకియుస్, అంటే సహచరుడు, మిత్రపక్షం. సోషల్, సొసైటీ దాని సంతానం.

రూపాలు

సెక్వొర్ లాటిన్ క్రియల మూడో గణంలోది. వర్తమానంలో దాని ఆరు రూపాలు ఇవి: సెక్వొర్ (వెంబడిస్తాను), సెక్వెరిస్ (వెంబడిస్తావు), సెక్వితుర్ (వెంబడిస్తాడు, వెంబడిస్తుంది), సెక్విముర్ (వెంబడిస్తాం), సెక్విమినీ (వెంబడిస్తారు, ఎదుటివాళ్లని ఉద్దేశించి), సెక్వుంతుర్ (వాళ్లు వెంబడిస్తారు). వీటిలో నాలుగింటి చివర ర్ ఉంది. సెక్వెరిస్‌లో అది లోపలికి జరిగింది, సెక్విమినీలో అసలు లేదు. బహువచనంలోని సెక్వుంతుర్ రోమన్లకే రాతలో ఇబ్బంది పెట్టింది. రెండు ‘ఉ’ గుర్తులు పక్కపక్కన రాయడం ఇష్టంలేక పాతకాలంలో సెక్వొంతుర్ అనో సెకుంతుర్ అనో రాసేవారు.

జరుగుతూ ఉన్న గతానికి మధ్యలో బా చేరుతుంది: సెక్వేబర్, సెక్వేబారిస్, సెక్వేబాతుర్, సెక్వేబాముర్, సెక్వేబామినీ, సెక్వేబంతుర్. ఇందులో పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు, రెగో నేర్చుకున్నవాళ్లకు ఇదీ వచ్చినట్టే.

భవిష్యత్తు దగ్గర జాగ్రత్త కావాలి. సెక్వర్, సెక్వేరిస్, సెక్వేతుర్, సెక్వేముర్, సెక్వేమినీ, సెక్వెంతుర్. ‘వెంబడిస్తున్నావు’ అనే సెక్వెరిస్‌కూ ‘ఇకముందు వెంబడిస్తావు’ అనే సెక్వేరిస్‌కూ తేడా ఒక్క ఏత్వమే. అచ్చుపుస్తకాల్లో రోమన్ లిపి రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. పలికినప్పుడు మాత్రం ఊనిక కూడా మారిపోతుంది: మొదటిదాంట్లో తొలి అక్షరం మీద, రెండోదాంట్లో ఆ దీర్ఘం మీద. లాటిన్ నోట్సు తెలుగు లిపిలో రాసుకునే అలవాటు చేసుకుంటే ఈ తేడా కంటికి తగులుతూనే ఉంటుంది.

జరిగిపోయిన పనికి ఒక్క మాట చాలదు. సెకూతుస్ అనే కృదంతం, ‘ఉండు’ అనే సహాయక్రియ కలవాలి: సెకూతుస్ సుమ్, సెకూతుస్ ఎస్, సెకూతుస్ ఎస్త్, బహువచనంలో సెకూతీ సుముస్, సెకూతీ ఎస్తిస్, సెకూతీ సుంత్. కృదంతం కర్త లింగాన్ని, వచనాన్ని పట్టుకుని నడుస్తుంది. స్త్రీ అయితే సెకూత ఎస్త్, స్త్రీలు అయితే సెకూతై సుంత్. ఎరమ్ చేరిస్తే ‘అప్పటికే వెంబడించి ఉన్నాను’, ఎరో చేరిస్తే ‘అప్పటికి వెంబడించి ఉంటాను’. ‘సెకూతుస్ ఎస్త్ ఎఉమ్’, అంటే ‘అతన్ని వెంబడించాడు’ అన్నప్పుడు సంస్కృతం చదివినవాళ్లకు ‘రామో వనం గతః’ గుర్తురావాలి. గతః కూడా పైకి కర్మణి కృదంతమే, కానీ వెళ్లింది రాముడే, వనం ద్వితీయలోనే ఉంది. సెకూతుస్‌లోని తుస్, గతఃలోని తః ఒకే ప్రత్యయం.

సంభావన, ఆకాంక్ష, సందేహాల్లో వచ్చే సబ్జంక్టివ్ రూపాలు వర్తమానంలో సెక్వర్, సెక్వారిస్, సెక్వాతుర్ అని ‘ఆ’ మీద నడుస్తాయి. మొదటి రూపం భవిష్యత్తులోని సెక్వర్‌తో అచ్చంగా ఒకటే కాబట్టి వాక్యం చూసే తేల్చుకోవాలి. గతంలో సెక్వెరెర్, సెక్వెరేరిస్. ఇవి కట్టే పద్ధతి సరదాగా ఉంటుంది. రెగెరెకు ప్రత్యయాలు చేర్చినట్టే ఇక్కడ సెక్వెరెకు చేరుస్తారు. అలాంటి తుమున్నర్థకం (‘ఏలడం’ లాంటి అర్థమిచ్చే రూపం) ఈ క్రియకు వాడుకలో లేకపోయినా లెక్కకోసం ఉన్నట్టు అనుకుంటారు.

సెక్వెరె అనే మాట నిజంగానే ఉంది, కానీ వేరే పనిలో. మామూలు క్రియల్లో రెగెరె అంటే ‘ఏలడం’. సెక్వెరె అంటే ‘వెంబడించు!’ అనే విధి. ‘వెంబడించడం’ కావాలంటే సెక్వీ అనాలి. మొదట్లో విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మత్తయి సువార్త 9వ అధ్యాయం 9వ వచనంలో సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయితో యేసు అన్న మాట తెలుగు క్రైస్తవులందరికీ తెలుసు: నన్ను వెంబడించుము. లాటిన్ బైబిల్లో అది ‘సెక్వెరె మే’. వెంటనే వచ్చే వాక్యం ‘ఎత్ సుర్గేన్స్ సెకూతుస్ ఎస్త్ ఎఉమ్’, లేచి ఆయనను వెంబడించాడు. విధి, భూతకాలం రెండూ ఒకే వచనంలో దొరకడంతో ఈ క్రియ నేర్చుకోవడానికి ఇంతకన్నా తేలికైన చోటు లేదు. గ్రీకు మూలంలో ఇక్కడున్న క్రియ మామూలు కర్తరి రూపమే. లాటిన్‌లోకి వచ్చేసరికి ఆత్మనేపదం అయింది, లాటిన్‌లో ‘వెంబడించు’కు సహజమైన మాట అదే కాబట్టి.

ఇప్పుడు ఋగ్వేదం మొట్టమొదటి సూక్తం చివరి మంత్రం చూడాలి: ‘సచస్వా నః స్వస్తయే’. మా క్షేమం కోసం మాతో ఉండు అని అగ్నిని అడగడం. సచస్వ, సెక్వెరె రెండూ ఒకే ధాతువుకు ఆత్మనేపద మధ్యమపురుష విధిరూపాలు. లాటిన్‌లో రెండచ్చుల మధ్య స కాలక్రమంలో ర అయిపోయింది. అందుకే ‘సె’ అని ఉండాల్సిన ప్రత్యయం ‘రె’గా కనిపిస్తుంది. ప్రత్యయాలు అక్షరం అక్షరం ఒకటి కావు, సంస్కృతంలో వ ఎక్కువ ఉంది. అయినా చుట్టరికం స్పష్టం.

‘బడు’ కాదు, ‘కొను’

యజతి, యజతే తేడా చెప్పకుండా సంస్కృత వ్యాకరణ పాఠం సాగదు. ఇంకొకరి కోసం యజ్ఞం చేయించే ఋత్విక్కు యజతి. ఫలం తనకే దక్కేలా చేసుకునేవాడు యజతే, అందుకే ఆయన యజమానుడు. క్రియాఫలం కర్తకే చెందితే ఆత్మనేపదం అని పాణిని సూత్రం. తెలుగులో ఈ పని ‘కొను’ చేస్తుంది. వండింది, వండుకుంది. రాశాడు, రాసుకున్నాడు. తెలుగుకూ లాటిన్‌కూ చుట్టరికం లేదు, ‘కొను’ ద్రావిడ సొత్తు. కానీ పని కర్త దగ్గరికే తిరిగొస్తుందని క్రియమీదే గుర్తు పెట్టాలన్న ఆలోచన రెండుచోట్లా ఉంది.

సంస్కృతంలో కొన్ని ధాతువులు ఎప్పుడూ ఆత్మనేపదంలోనే ఉంటాయి. లభతే, సేవతే, వందతే, భాషతే. కర్మణి ప్రయోగం కూడా ఆత్మనేపద ప్రత్యయాలే తీసుకుంటుంది. కానీ ‘భాషతే’ చూసి ఇది కర్మణి రూపం, కర్తరి అర్థం అని ఎవరూ అనరు. కర్మణికి మధ్యలో య చేరి ‘భాష్యతే’ అవుతుంది కాబట్టి రెండూ వేరని కంటికే తెలుస్తుంది. లాటిన్‌లో ఆ య లేదు. ఆత్మనేపదానికీ కర్మణికీ రూపం పూర్తిగా ఒకటే. సాహిత్య కాలం నాటికి మామూలు క్రియల్లో ఆ రూపానికి కర్మణి అర్థమే ప్రధానమైపోయింది. సెక్వొర్ లాంటివి మాత్రం పాత అర్థంతోనే మిగిలిపోయాయి. తర్వాత వ్యాకరణం రాసినవాళ్లు ఎక్కువమందిని ప్రమాణంగా పెట్టుకుని, తక్కువమందిని మినహాయింపు అన్నారు. చరిత్రలో జరిగింది అందుకు తలకిందులు. కర్మణి అర్థమే ఆత్మనేపదం నుంచి పెరిగింది, డిపోనెంట్లు ఎక్కడికీ కదల్లేదు.

ఇది లాటిన్, సంస్కృతాలతో ఆగే పోలిక కాదు. గ్రీకులో వెంబడించు హెపొమై, అదీ ఆత్మనేపదమే. ప్రాచీన ఐరిష్‌లో సెఖిథిర్, దాన్ని ఆ భాషా వ్యాకరణాలు కూడా డిపోనెంట్ అనే పిలుస్తాయి. చివరనున్న ర్ సంగతి కూడా తర్వాత తేలింది. 20వ శతాబ్దం మొదట్లో టర్కీలో దొరికిన మట్టిపలకల మీది హిట్టైట్ భాషను 1915లో భాషావేత్త బెద్రిచ్ హ్రోజ్నీ ఇండో యూరోపియన్‌గా, అంటే లాటిన్, సంస్కృతం, గ్రీకు, ఐరిష్‌ల కుటుంబానికి చెందినదిగా గుర్తించారు. అందులో ‘పడి ఉంది’ అనడానికి కిత్తారి అనే రూపం ఉంది. సంస్కృతంలో శేతే దాని జోడు, అదీ నిత్య ఆత్మనేపదమే. చైనా పశ్చిమాన తారిమ్ లోయలో దొరికిన తొఖారియన్ భాషలోనూ ఇలాంటి ర్ ఉంది. అంటే ఎక్కడెక్కడో దూరంగా ఉన్న శాఖల్లో ర్ కనిపిస్తున్నది ఆత్మనేపదం దగ్గరే.

డిపోనెంట్ల పట్టిక చదివితే వాటి స్వభావం ఇంకా తెలుస్తుంది. లొక్వొర్ మాట్లాడటం, వెరెయొర్ భయపడటం, పతియొర్ ఓర్చుకోవడం, ఈరాస్కొర్ కోప్పడటం, ఒబ్లీవీస్కొర్ మర్చిపోవడం, నాస్కొర్ పుట్టడం, మొరియొర్ చావడం. ఎక్కువభాగం కర్తలోనే జరిగే, కర్తనే తాకే పనులు. నాస్కొర్, మొరియొర్ రెండింటికీ సంస్కృతంలో జోడు క్రియలు ఉన్నాయి, అవి రెండూ భగవద్గీత రెండో అధ్యాయంలో ఒకే పాదంలో వస్తాయి: న జాయతే మ్రియతే వా కదాచిన్. అక్కడా రెండూ ఆత్మనేపదాలే. పుట్టడం, చావడం ఒకరు ఇంకొకరికి చేసే పనులు కావు కదా.

ఊతొర్ (వాడుకొను), ఫ్రువొర్ (అనుభవించు), వెస్కొర్ (తిను) లాంటి కొన్ని డిపోనెంట్లు ద్వితీయ తీసుకోవు. వాటి పక్కన తృతీయ పని కూడా చేసే అబ్లేటివ్ విభక్తి వస్తుంది. వ్యాకరణాల్లో ఇది కంఠస్థం చేయాల్సిన మినహాయింపు. ఆత్మనేపదంగా చూస్తే అర్థమవుతుంది: ఊతొర్ అంటే ‘ఒకదానితో తన పని జరుపుకోవడం’. తెలుగులో కూడా అక్కడ ‘తో’నే వస్తుంది.

రోమన్ వ్యాకరణవేత్తలకు ఈ చరిత్ర తెలిసే వీలు లేదు. వాళ్లు చూసింది రూపాన్నే. 4వ శతాబ్దపు డొనాటస్ క్రియల్ని ఐదు రకాలుగా విడగొట్టాడు, అందులో డిపోనెంట్లు ఒకటి. ఆయన పెట్టిన పరీక్ష చాలా సులువు: చివరి ర్ తీసేస్తే లాటిన్ కాకుండా పోయేది డిపోనెంట్. అమొర్ నుంచి ర్ తీస్తే ‘ప్రేమిస్తాను’ అనే మాట మిగులుతుంది. లొక్వొర్ నుంచి తీస్తే ఏమీ మిగలదు. తెలుగులో ఈ పరీక్షకు సరిగ్గా నిలిచే మాటలు ఉన్నాయి. ‘ఊరుకొను’, ‘మేలుకొను’ నుంచి కొను తీసేస్తే ఆ అర్థంలో క్రియే ఉండదు. డొనాటస్ ఐదు రకాల్లో కమ్యూనియా అనేది ఇంకొకటి. ర్‌తో ముగిసి రెండు అర్థాలూ ఇచ్చేవి, ఉదాహరణకు ముద్దుపెట్టుకోవడానికి వాడే ఓస్కులొర్. హద్దు అంత గట్టిగా లేదని వాళ్లూ గమనించారన్నమాట. డిపోనెంట్ అనే పేరు ‘పక్కన పెట్టేయడం’ అనే క్రియ నుంచి వచ్చింది, ఈ క్రియలు ఏదో ఒకటి వదిలేసుకున్నాయన్న లెక్కతో. నిజానికి వదిలేసుకున్నవి మిగతా క్రియలు.

ఇందాక చెప్పిన లాటిన్ బైబిల్ సువార్తల్ని 4వ శతాబ్దం చివర్లో సవరించి తీర్చిదిద్దిన జెరోమ్ రోమ్‌లో ఈ డొనాటస్ దగ్గరే చదువుకున్నాడు.

కర్తరిలోనే ఉండిపోయినవి

డిపోనెంట్‌కు అన్నీ కర్మణి రూపాలే ఉంటాయనుకుంటే పొరపాటు. ‘వెంబడిస్తున్న’ అనే సెక్వేన్స్, ‘వెంబడించబోయే’ అనే సెకూతూరుస్ కర్తరి రూపాలే. రోమ్ చక్రవర్తి క్లాడియస్ ఫుకినే సరస్సు మీద ఏర్పాటు చేసిన నౌకాయుద్ధ ప్రదర్శనలో పాల్గొన్నవాళ్లు ఆయనకు పెట్టిన నమస్కారంగా చరిత్రకారుడు సుయటోనియస్ రాసిన మాటల్లో ‘మొరితూరీ’ ఉంది, చావబోయేవాళ్లం అని. అది మొరియొర్ నుంచి వచ్చిన ఈ భవిష్యత్ కృదంతమే. ఇంకోవైపు సెక్వెందుస్ అంటే ‘అనుసరించదగిన’, దీని అర్థం నిజంగానే కర్మణి. సంస్కృతంలో సేవతే నుంచి సేవనీయం వచ్చినట్టే. రూపాన్ని బట్టి ఒకే సూత్రం పట్టుకున్నవాళ్లకు ఇవి మినహాయింపుల మీద మినహాయింపులు.

వీటన్నిట్లోకీ రోమన్ రచయితలకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం సెకూతుస్ లాంటి భూత కృదంతం. తెలుగులో ‘చేసి’, ‘చూసి’, ‘వెళ్లి’ అనే క్త్వార్థకాలు లేకుండా ఒక పేరా నడవదు. లాటిన్ మామూలు క్రియలకు ఆ సౌకర్యం లేదు. రేక్తుస్ అంటే ‘ఏలబడిన’, ‘ఏలి’ కాదు. ‘ఏలి’ అనాలంటే వేరే ఉపవాక్యం కట్టాలి, లేదా కర్మణిగా తిప్పి చెప్పాలి. డిపోనెంట్లకు మాత్రం సెకూతుస్ అంటే నేరుగా ‘వెంబడించి’. జూలియస్ సీజర్ క్రీ.పూ. 58లో హెల్వెటీలు అనే తెగతో జరిగిన యుద్ధం గురించి రాస్తూ ఈ సౌకర్యాన్ని ఎలా వాడుకున్నాడో చూడొచ్చు. గుర్రాలన్నీ కనుచూపుమేర లేకుండా పంపించేశాక ‘కొహొర్తాతుస్ సువోస్ ప్రోయ్‌లియుమ్ కొమ్మీసిత్’, తనవాళ్లకు ధైర్యం చెప్పి యుద్ధం మొదలుపెట్టాడు. కొహొర్తొర్ డిపోనెంట్ కాకపోతే ఆ ‘చెప్పి’ ఒక్క మాటలో ఇమిడేది కాదు. తెలుగులోకి తిప్పేటప్పుడు ఇలాంటి వాక్యాలు దాదాపు మాటకు మాటగా వచ్చేస్తాయి, ఇంగ్లీషులోకి అలా రావు.

సగం డిపోనెంట్లు కూడా కొన్ని ఉన్నాయి. ఔదెయో (సాహసిస్తాను), గౌదెయో (సంతోషిస్తాను), సొలెయో (అలవాటుగా చేస్తాను), ఫీదో (నమ్ముతాను) వర్తమానంలో మామూలుగానే ఉండి, గతంలో మాత్రం ఔసుస్ సుమ్, గావీసుస్ సుమ్ అంటూ సెక్వొర్ దారి పడతాయి.

కర్తరి, ఆత్మనేపదాలు పక్కపక్కన నిలిచిన వాక్యం రోమన్ కవి ఓవిడ్ కావ్యంలో గ్రీకు పురాణ పాత్ర మెడీయా నోట వస్తుంది: ‘విదెయో మెలియోర ప్రొబోక్వె, దేతెరియోర సెక్వొర్’. మంచిదేదో చూస్తున్నాను, ఒప్పుకుంటున్నాను, చెడ్డదాని వెంటే పోతున్నాను. మొదటి రెండు క్రియలు కర్తరి, మూడోది సెక్వొర్. ‘జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః’ అని దుర్యోధనుడి పేర చెప్పుకునే శ్లోకం తెలిసినవాళ్లకు భావం కొత్త కాదు. క్రియల ఎంపికలో ఓవిడ్ వ్యాకరణం గురించి ఆలోచించాడని చెప్పలేం. కానీ చివరి మాట దగ్గరికొచ్చేసరికి మెడీయా చేస్తున్న పని ఆమెనే లాక్కుపోతోంది, రూపం దానికి సరిపోయింది.

జనం నోట్లో ఈ క్రియలు ఎక్కువకాలం నిలవలేదు. 1వ శతాబ్దంలో పెట్రోనియస్ రాసిన వ్యంగ్య నవలలో విందుకు వచ్చిన ఒక మాజీ బానిస అలంకారశాస్త్రం చెప్పే పంతులుతో అంటాడు: ‘క్వీ పొతెస్ లొక్వెరె, నోన్ లొక్విస్’. మాట్లాడగలిగినవాడివి, మాట్లాడవేం అని. సరైన లాటిన్‌లో లొక్వీ, లొక్వెరిస్ ఉండాలి. అతను రెంటినీ మామూలు కర్తరి క్రియలుగా మార్చేశాడు. భాష పాఠాలు చెప్పేవాడి ముందే ఆ తప్పు పెట్టించడం పెట్రోనియస్ చమత్కారం. ఆ తర్వాతి శతాబ్దాల్లో గెలిచింది పంతులు కాదు, ఆ మాజీ బానిసే. సెక్వొర్ కర్తరిగా మారి ఇటాలియన్‌లో సెగ్వీరె, స్పానిష్‌లో సెగీర్, ఫ్రెంచ్‌లో సుయివ్ర్ అయింది. మొరియొర్ ఇటాలియన్‌లో మొరీరె, ఫ్రెంచ్‌లో మురీర్. లొక్వొర్ పూర్తిగా పోయింది. స్పానిష్ దాని చోట పెట్టుకున్న అబ్లార్ ఫాబులారీ అనే ఇంకో డిపోనెంట్ నుంచే వచ్చింది, అదీ ర్ వదిలేసుకున్నాకే.

భూతకాలంలో మాత్రం ‘ఉండు’ సాయం కొన్నిచోట్ల నిలబడింది. ఫ్రెంచ్‌లో చనిపోయాడు, పుట్టింది అనడానికి ఇప్పటికీ ‘ఉండు’ క్రియే కావాలి, లాటిన్ మొర్తువుస్ ఎస్త్, నాత ఎస్త్ లాగే. వెంబడించాడు అనడానికి మాత్రం ఫ్రెంచ్ ‘కలిగి ఉండు’ వైపు వెళ్లిపోయింది. ఇటాలియన్ రెండూ ఉంచుకుంది. ఒకరిని వెంబడించాడు అంటే ‘కలిగి ఉండు’, దాని ఫలితంగా ఏదో జరిగింది అంటే ‘ఉండు’. సెకూతుస్ ఎస్త్ నేరుగా చేతికందించిన వారసత్వం అని దీన్ని అనడం కన్నా, పని కర్త దగ్గరే ముగిసే క్రియలకు ఇటాలియన్ పెట్టుకున్న సొంత నియమం అనడం సబబు. అయితే ఆ నియమం గీసిన గీత, ఒకరి వెంటపడటం ఒకవైపు, తనంతట తాను జరగడం ఇంకోవైపు, పాత ఆత్మనేపదపు హద్దుకు చాలా దగ్గరగా పడింది.